పల్నాటి కథతో ఆట ఆడుకుందామా?

పిల్లలూ! పులి-మేక, అష్టాచెమ్మా, వైకుంఠపాళి మీలో చాలామందికి వచ్చు. వీటిలో ఒకరు గెలిస్తే మిగిలినవారు ఓడిపోతారు. గెలుపూ ఓటమీ లేని ఆట కూడా ఒకటుంది. అందులో తలా ఒక పాత్ర తీసుకుంటారు. ఒకరు సూత్రధారిగా ఉంటారు. "మీరు ఏటి ఒడ్డుకు వచ్చారు. పడవ లేదు. ఇప్పుడేం చేస్తారు?" అని సూత్రధారి అడుగుతాడు. పాత్రధారులు తమ ఉపాయం చెబుతారు. అది ఫలించిందో లేదో పాచిక తేలుస్తుంది. అలా అందరూ కలిసి ఒక కథ అల్లుకుంటూ పోతారు. ఇలాంటి ఆటల్లో అచ్చయి అమ్మకానికి వచ్చిన మొదటిది 'డంజన్స్ అండ్ డ్రాగన్స్'. దీన్ని 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తయారుచేశారు.

ఆ ఆట మన పురాణాలను కూడా వాడుకుంది. 1977లో వచ్చిన దాని భూతాల పుస్తకంలో రాక్షసుడి బొమ్మ ఉంది. పులి తల, ఒంటిమీద అంగీ, నోట్లో పైపు! పైగా ఆ జాతి మొత్తం దుష్టులేనని రాశారు. మన కథల్లో అలా ఉందా? విభీషణుడు రావణుని తమ్ముడే కదా! ప్రహ్లాదుడు హిరణ్యకశిపుని కొడుకే కదా! దూరదేశం వాళ్లు కథను అరువు తెచ్చుకుంటే ఇలాంటి పొరపాటు సహజం. మరి మన కథలతో మనమే ఆటలు తయారుచేసుకుంటే? తప్పక చేసుకోవాలనే నేనంటాను. అయితే కొన్ని జాగ్రత్తలు కావాలి.

మిర్యాలగూడ, సూర్యాపేట, కోదాడ వైపు పిల్లలు కథల కోసం దూరం పోనక్కరలేదు. వాడపల్లి దగ్గర మూసీ కృష్ణలో కలుస్తుంది. కృష్ణ దాటితే పల్నాడు. 12వ శతాబ్దంలో అక్కడ దాయాదుల మధ్య పెద్ద యుద్ధం జరిగింది. ఒకవైపు గురజాల నలగామరాజు, అతని మంత్రి నాయకురాలు నాగమ్మ. ఇంకొకవైపు మాచర్ల మలిదేవరాజు, అతని మంత్రి బ్రహ్మనాయుడు. కోడిపందెం, ఓడినవారికి ఏడేళ్ల వలస, చివరకు కారెంపూడిలో పోరు. ఆటకు ఇంతకన్నా మంచి సరుకు ఏముంటుంది?

చిక్కల్లా ఇక్కడే ఉంది. ఈ కథ మనకు ఎక్కువగా వీరగాథల వల్ల, శ్రీనాథుడు రాశాడని చెప్పే 'పల్నాటి వీరచరిత్ర' వల్ల తెలిసింది. శ్రీనాథుడు యుద్ధం జరిగిన 200 ఏళ్లకు పైగా తరువాతి కాలంవాడు. అన్నేళ్లలో పాట పెరిగి ఉంటుంది. జరిగినదీ విలువైనదే, పాడినదీ విలువైనదే. కాని రెండూ ఒకటి కావు.

అందుకని ఆట రాసుకునే పుస్తకంలో మూడు రంగుల సిరాలు వాడండి. నేల, శాసనం, నాణెం చెప్పిన సంగతి నల్ల సిరాతో రాయండి. కావ్యం, పురాణం, పాట చెప్పినది నీలం సిరాతో రాయండి. మీరు సొంతంగా కల్పించినది ఎర్ర సిరాతో రాయండి.

సూర్యాపేట జిల్లా ఫణిగిరినే తీసుకోండి. అక్కడ కొండమీద ప్రాచీన బౌద్ధారామం ఉంది. 2024లో తవ్వకాల్లో ఒక మట్టికుండ దొరికింది. అందులో 3,730 సీసపు నాణాలున్నాయి. అవి ఇక్ష్వాకుల కాలం నాటివి. ఒకవైపు ఏనుగు, రెండోవైపు ఉజ్జయిని గుర్తు. ఇదంతా నల్ల సిరా. బౌద్ధ గాథల్లో నాగరాజులు ఉన్నారన్నది నీలం సిరా. ఒక వర్తకుడు దొంగల భయంతో ఆ కుండను దాచాడనీ, దానికి ఒక నాగరాజు కాపలా ఉన్నాడనీ మీరు ఆట మొదలుపెడితే అది ఎర్ర సిరా.

"ఆటకు ఇంత తతంగం ఎందుకు? సరదా పోదా?" అని మీరు అడగవచ్చు. పోదు. ఏది తెలుసో ఏది తెలియదో స్పష్టంగా ఉంటే, తెలియని చోట ఊహ ధైర్యంగా సాగుతుంది. పైగా చదివిన పాఠం కన్నా ఆడిన ఆటే ఎక్కువకాలం గుర్తుంటుంది. సిరాలు కలిసిపోతే, మనం కల్పించిన మాటనే రేపు చరిత్ర అనుకొని ఎదుటివారితో వాదిస్తాం. పాత రాజుల పేరిట ఈనాటి మనుషులు తగవులాడుకోవడం మీరు చూస్తూనే ఉన్నారు కదా!

ఇంకో జాగ్రత్త. పాత్రకు తెలివి, బలం, ధైర్యం అని అంకెలు వేసుకునేటప్పుడు పుట్టుకను బట్టి వేయకండి. అన్ని కులాలవారినీ ఒకే చాపమీద కూర్చోబెట్టి భోజనం పెట్టిన బ్రహ్మనాయుడి చాపకూడు ఈ కథలోదే. పాత్రలు కూడా మార్చుకోండి. ఈసారి బ్రహ్మనాయుడుగా ఆడినవారు మరుసటిసారి నాగమ్మగా ఆడాలి. కథలో ఆమెను తరచు దుష్టురాలిగానే చూపుతారు. తన రాజు రాజ్యాన్ని కాపాడవలసిన మంత్రిగా ఆమె ఏమి ఆలోచించి ఉంటుంది? ఆ స్థానంలో కూర్చుంటే గాని తోచదు. అలాగే కారెంపూడిలో ఏటా కార్తీకంలో పల్నాటి వీరులను కొలుస్తారు. ఒకరు కొలిచేవారిని ఆటలో చంపదగిన భూతంగా పెట్టడం మర్యాద కాదు.

ఇక పాచికలు. రెండు పాచికలు వేస్తే మొత్తం 36 రకాలుగా పడవచ్చు. వాటిలో కూడితే 7 వచ్చేవి 6, కూడితే 12 వచ్చేది ఒక్కటే. కనుక తేలిక పనికి 7, సాహసానికి 12 పెట్టుకోండి. కోడిపందెం ఫలితాన్ని కూడా పాచికకే వదిలేయండి. కథలో మలిదేవుల పక్షం ఓడింది. మీ ఆటలో గెలిస్తే? వలస ఉండదు. అయినా యుద్ధం వస్తుందా? భూమి తగాదా అలాగే ఉంది కదా! ఇలా వాదించుకుంటే ఏది అసలు కారణమో, ఏది వట్టి సాకో మీకే తెలిసివస్తుంది.

వచ్చే సెలవుల్లో నలుగురు కలిసి మొదలుపెట్టండి. రెండు పాచికలు, ఒక నోటుపుస్తకం, మూడు పెన్నులు చాలు. మీ ఊరి పాత గుడి గురించో, చెరువుగట్టు మీది వీరగల్లు గురించో పెద్దలను అడిగి, విన్నది విన్నట్టు నీలం సిరాతో రాసుకోండి. నల్ల సిరాతో రాయడానికి ఏమైనా దొరుకుతుందేమో తరువాత వెతకండి.