ఇచ్చాక వెళ్లి చూశామా?

రంజాన్ నెల వచ్చిందంటే మన బస్తీలలో జకాత్ సొమ్ముతో కుట్టుమిషన్లు, తోపుడుబండ్లు పంచడం చూస్తుంటాం. మంచి పనే. ఒక చీర, నాలుగు కిలోల బియ్యం ఇచ్చి పంపడం కంటే బతుకుతెరువు చూపడం ఎంతో మేలు. అయితే ఇచ్చిన మిషను ఆరు నెలల తరువాత ఆ ఇంట్లోనే ఉందా, తాకట్టు కొట్టుకు చేరిందా అని వెళ్లి చూసేవారు మనలో ఎందరు?

మిషను అమ్ముకున్న ఇల్లాలిని నిందించడం తేలిక. కానీ ఆమె ఇంట్లో ఆ పూటకు గింజలు లేవు. బిడ్డకు జ్వరం వచ్చింది. బట్టలు తెచ్చి ఇచ్చేవాళ్లు ఇంకా అలవాటు పడలేదు. మిషను చెడిపోతే ఎవరిని అడగాలో తెలియదు. అమ్మితే నాలుగు డబ్బులు వచ్చే వస్తువు ఆ ఇంట్లో అదొక్కటే. అమ్మక ఏం చేస్తుంది?

ఈ చిక్కుకు బంగ్లాదేశ్‌లో ఒక దారి దొరికింది. 1972లో ఫజ్లె హసన్ ఆబెద్ స్థాపించిన బ్రాక్ సంస్థ అక్కడి పేద మహిళలకు ఏళ్ల తరబడి చిన్న రుణాలు ఇచ్చింది. కానీ అందరికంటే అడుగున ఉన్నవారికి ఆ రుణాలు అందడం లేదని గ్రహించింది. భర్త పోయినవారు, భర్త వదిలేసినవారు, సెంటు భూమి లేక ఇళ్లలో పాచిపని చేసుకునేవారు అప్పు తీర్చలేమన్న భయంతో అడగనే అడగరు. వారు తీర్చలేరన్న భయంతో తోటివారు జట్టులో చేర్చుకోరు. ఇలాంటివారి కోసమే 2002లో వేరే పథకం మొదలైంది.

అందులో ఆవునో మేకలనో ఉచితంగా ఇస్తారు. వాటిమీద రాబడి వచ్చేదాకా ఇల్లు గడవడానికి కొంతకాలం భత్యం ఇస్తారు. వైద్యం చూస్తారు, పొదుపు చేయిస్తారు. ఊరి పెద్దలతో కమిటీ వేసి ఆ కుటుంబానికి అండగా నిలబెడతారు. వీటన్నిటినీ కలిపి కట్టే దారం ఒకటుంది. దాదాపు రెండేళ్లపాటు ఒక కార్యకర్త తరచూ ఆ ఇంటికి వెళ్తారు. మేత సరిగా వేస్తున్నారా, టీకా వేయించారా, ఈ వారం ఎంత దాచారు, పిల్లలు బడికి పోతున్నారా అని అడుగుతారు, తెలియనిది నేర్పుతారు. దీన్నే కోచింగ్ అంటున్నారు. మనకు ఆ మాట వినగానే పరీక్షల కోచింగ్ సెంటర్లు గుర్తొస్తాయి. ఇక్కడ దాని అర్థం వెన్నంటి నిలిచే మనిషి.

ఫలితం? బంగ్లాదేశ్‌లో 1,309 గ్రామాలలో జరిపిన పరిశీలనలో నాలుగేళ్లకు ఆ మహిళల సంపాదన ఐదోవంతు పెరిగింది. పశ్చిమ బెంగాల్‌లోని ముర్షీదాబాద్ జిల్లాలో ఇదే పద్ధతిని అనుసరిస్తే పదేళ్ల తరువాత కూడా మేలు నిలిచే ఉంది. 2019లో నోబెల్ పొందిన అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో దీన్ని పరిశీలించినవారిలో ఉన్నారు. ఘానాలో మాత్రం కొందరికి మేకలు మాత్రమే ఇచ్చి చూశారు. కొన్నేళ్లకు వారి బతుకులో చెప్పుకోదగ్గ మార్పు కనిపించలేదు. అన్నీ కలిపి అందుకున్న కుటుంబాలే నిలదొక్కుకున్నాయి.

అన్నిచోట్లా గెలుపే అని కాదు. హోండురాస్‌లో ఇచ్చిన కోళ్లు తెగులుతో చచ్చిపోయాయి. మన మెదక్ ప్రాంతంలో ఇలాంటి పథకం పెట్టినప్పుడు పశువుల మీద వచ్చిన రాబడి, మానుకున్న కూలి డబ్బుకు సరిపోయింది. చివరికి మిగులు లేదు. ఆ ఇంటికి ఇప్పుడు ఏ పని మీద ఎంత వస్తోందో ముందు అడగకుండా మనకు తోచింది ఇవ్వకూడదని ఇవి నేర్పుతున్న పాఠం.

ఈ పద్ధతి మనకు కొత్తది కాదు. అబూదావూద్ హదీసు గ్రంథంలోని ఒక ఉదంతం చాలామంది వినే ఉంటారు. చేయిచాచి వచ్చిన ఒక అన్సారీ ఇంట్లోని దుప్పటినీ గిన్నెనూ దైవప్రవక్త (స) తెప్పించి, రెండు దిర్హములకు అమ్మించారు. ఒక దిర్హముతో ఇంటివారికి తిండి కొనమన్నారు, రెండోదానితో గొడ్డలి కొని తెమ్మన్నారు. దానికి స్వయంగా పిడి బిగించి ఇచ్చి, కట్టెలు కొట్టి అమ్ముకొని పదిహేను రోజుల తరువాత కనిపించమన్నారు. అతను పది దిర్హములు సంపాదించి వచ్చాడు. తిండి డబ్బు వేరు, పనిముట్టు వేరు. పైగా గడువు పెట్టి మళ్లీ విచారించడం! మనం ఆ గొడ్డలి ఒక్కటే గుర్తుంచుకున్నాం.

కాబట్టి ఒక మనవి. ఈసారి యాభై మందికి మిషన్లు పంచి ఫొటో తీయించుకోవడం కంటే మన మొహల్లాలో ఐదు కుటుంబాలను ఎంచుకుందాం. మిషనుతో పాటు మొదటి ఆరు నెలల ఇంటి ఖర్చుకు కొంత తీసి పెడదాం. కుట్టుపనిలో చేయి తిరిగిన ఒక ఖాలానో, రిటైరైన ఒక మాస్టారునో వారానికి ఒకసారి ఆ గడపకు వెళ్లి రమ్మని అడుగుదాం. రెండేళ్లు ఆగకుండా వెళ్లాలి.

డబ్బు ఇవ్వగలిగినవారు మనలో చాలామందే ఉన్నారు. వారానికి ఒక గంట ఇవ్వగలవారు ఎందరో ఈ శుక్రవారం నమాజు తరువాత ఒకరినొకరు అడిగి చూద్దాం.