జీమెయిల్ నిండిపోయిందా? మీ కాల్ లెటర్ వెనక్కి వెళ్లిపోవచ్చు.. జాగ్రత్త!

శ్రీకాకుళం/విజయనగరం: పోస్ట్‌మ్యాన్ తలుపు తట్టి కాల్ లెటర్ ఇచ్చే రోజులు పోయాయి. అగ్నివీర్ ర్యాలీకి దరఖాస్తు చేసుకున్న సిక్కోలు కుర్రాడికైనా, ఉద్దానం నుంచి గల్ఫ్‌కు వెళ్లాలని చూస్తున్న వెల్డర్‌కైనా ఇప్పుడు కబురొచ్చేది మెయిల్‌కే. మరి ఆ మెయిల్ బాక్స్‌లో చోటే లేకపోతే? ఇది చిన్న సమస్యలా కనిపించినా, ఉద్యోగాల కోసం ఊరు దాటే ఉత్తరాంధ్ర యువతకు పెద్ద దెబ్బే.

నిండితే ఏమవుతుంది?

గూగుల్ ఒక్కో ఖాతాకు ఉచితంగా ఇచ్చేది 15 జీబీ. ఇది ఒక్క మెయిల్‌కే అనుకుంటే పొరపాటు. 2013 నుంచి జీమెయిల్, డ్రైవ్, ఫొటోస్ మూడింటికీ కలిపి ఇదే కోటా. అది దాటితే మెయిల్ పంపలేం, అందుకోలేం. మనకు పంపిన మెయిల్ పంపినవాళ్లకే తిరిగి వెళ్లిపోతుంది.

అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. స్టోరేజ్ నిండిందని గూగుల్ చెబుతుంది కానీ, ఏ ఉత్తరం వెనక్కి పోయిందో చెప్పదు. తర్వాత ఖాళీ చేసినా అలా పోయిన మెయిల్ దానంతట అది మళ్లీ రాదు. పంపినవాళ్లు మళ్లీ పంపాల్సిందే. వేలాది మంది అభ్యర్థులున్న చోట ఒక్కరి కోసం మళ్లీ పంపేదెవరు?

నింపేది ఉత్తరాలు కాదు

2004లో జీమెయిల్ వచ్చినప్పుడు ఇచ్చిన 1 జీబీయే అప్పట్లో మహా గొప్ప. ఇప్పుడు 15 జీబీ కూడా చాలడం లేదంటే కారణం మెయిల్స్ ఒక్కటే కాదు. 2021 జూన్ 1 నుంచి గూగుల్ ఫొటోస్‌లో కొత్తగా చేరే ఫొటోలు, వీడియోలు కోటాలోకి వస్తున్నాయి. ఆండ్రాయిడ్ ఫోన్లలో వాట్సాప్ బ్యాకప్ కూడా 2024 నుంచి ఇందులోనే కలిసింది. అంటే పైడితల్లి సిరిమానోత్సవంలో తీసిన వీడియోలు, గ్రూపుల్లో రోజూ వచ్చి పడే గుడ్‌మార్నింగ్ బొమ్మలు కలిసి, రావాల్సిన ఆఫర్ లెటర్‌కు చోటు లేకుండా చేస్తున్నాయన్నమాట.

ఇంకో సమస్య కూడా ఉంది. చాలామందికి మెయిల్ ఐడీ పుట్టేది నెట్ సెంటర్‌లోనే. కాలేజీ అడ్మిషన్ నాడు ఆపరేటర్ క్రియేట్ చేసి, పాస్‌వర్డ్ కాగితం ముక్క మీద రాసిస్తాడు. ఆ కాగితం పోతే ఐడీ పోయినట్టే. పైగా రెండేళ్లపాటు అసలు వాడని ఖాతాలను తొలగించే విధానాన్ని గూగుల్ 2023 డిసెంబర్ నుంచి అమలు చేస్తోంది. రెండేళ్లపాటు కోటా దాటే ఉన్నా అందులోని మెయిల్స్, ఫొటోలు తీసేసే అవకాశం ఉంది.

అరగంటలో సర్దుకోవచ్చు

డబ్బు కడితే 100 జీబీ వస్తుంది. నెలకు సుమారు 130 రూపాయలు. కానీ చాలామందికి ఆ అవసరం రాదు. ముందుగా గూగుల్ వన్ స్టోరేజ్ పేజీ తెరిస్తే దేనికెంత చోటు పోయిందో కనిపిస్తుంది.

* జీమెయిల్ సెర్చ్ ఆప్షన్లలో సైజు 10 ఎంబీ కన్నా ఎక్కువ అని పెట్టి వెతకండి. పెద్ద అటాచ్‌మెంట్లు బయటపడతాయి. అక్కర్లేనివి తీసేయండి.
* ట్రాష్ కూడా ఖాళీ చేయాలి. లేదంటే అవి 30 రోజుల వరకు కోటాలోనే ఉంటాయి.
* వాట్సాప్ చాట్ బ్యాకప్ సెట్టింగ్స్‌లో వీడియోలు కలపడం ఆపేయండి.
* ఫొటోస్ యాప్‌లో డిలీట్ చేస్తే ఫోన్‌లోంచి కూడా పోవచ్చు. ముందే పెన్‌డ్రైవ్‌లోకో కంప్యూటర్‌లోకో కాపీ చేసుకోండి.
* షాపింగ్ ఆఫర్ల మెయిల్స్‌కు అన్‌సబ్‌స్క్రైబ్ నొక్కండి.
* ఉద్యోగ దరఖాస్తులకు వేరే ఐడీ పెట్టుకోండి. అందులో ఫొటోల బ్యాకప్ వద్దు.

ఇక్కడా మోసగాళ్లున్నారు. 'మీ ఇన్‌బాక్స్ నిండింది, ఈ లింక్ నొక్కండి' అంటూ నకిలీ మెయిల్స్ పంపి పాస్‌వర్డ్ లాగేస్తారు. లింక్ జోలికి పోకుండా యాప్ తెరిచి చూసుకోవాలి. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి.

బాధ్యత ఒక్కరిదేనా?

అభ్యర్థి తన పెట్టె తాను చూసుకోవాల్సిందే, కాదనలేం. కానీ మెయిల్ పంపేసి 'మా పని అయిపోయింది' అనుకునే సంస్థల మాటేంటి? పంపడం వేరు, అందడం వేరు. వెనక్కి వచ్చిన మెయిల్స్ జాబితా పంపినవాళ్ల దగ్గరే ఉంటుంది. ఆ నంబర్లకు ఒక్క ఎస్ఎంఎస్ పెడితే చాలు. ఏళ్ల తరబడి చదివి, పరుగు ప్రాక్టీస్ చేసి, చివరికి మెయిల్ పెట్టెలో చోటు లేక అవకాశం పోగొట్టుకుంటే ఆ నష్టాన్ని ఎవరు తీరుస్తారు?

అందాకా మన జాగ్రత్తలో మనం ఉండాలి. ఏదైనా దరఖాస్తు చేసి ఉంటే ఈరోజే ఓసారి మీ మెయిల్ తెరిచి చూడండి. ఎంత చోటు మిగిలిందో!