దవాఖానా గుమ్మం దాటే ముందు

పసిబిడ్డ ఒళ్ళు కాలిపోతుంటే ఎత్తుకొని దవాఖానాకు పరుగెత్తడం తల్లిదండ్రుల సహజ గుణం. అందులో ఆక్షేపించవలసినది ఏమీ లేదు. తాత్సారం చేసే వారికన్నా పరుగెత్తే వారే మేలు. అయితే కొన్ని వ్యాధుల విషయంలో వైద్యుని వద్దకు వెళ్ళడం ఎంత అవసరమో, ఏ విధంగా వెళ్తున్నామన్నది కూడా అంతే ముఖ్యం. తట్టు అటువంటి వ్యాధి. కొన్ని ప్రాంతాల్లో దీన్ని పొంగు అంటారు, ఉర్దూ మాట్లాడే ఇళ్ళలో పెద్దలు ఖస్రా అంటారు. ఈ నెల ఈ శీర్షికలో ఆ ఒక్క వ్యాధిని గురించే, అందులోనూ ముఖ్యంగా దవాఖానా వసారాలో రోగులు కూర్చునే చోట జరిగే దాని గురించే చెప్పదలిచాము.

1981లో అమెరికాలోని జార్జియా రాష్ట్రం, డికాల్బ్ కౌంటీలో ఒక పిల్లల వైద్యుని క్లినిక్‌కు పన్నెండేళ్ళ బాలుడు వచ్చాడు. ఒంటిపై దద్దురు కనిపించి అది రెండవ రోజు. విపరీతంగా దగ్గుతున్నాడు. సుమారు ఒక గంట సేపు ఉన్నాడు, అదీ చాలావరకు ఒకే పరీక్ష గదిలో. తరువాత లెక్క తీస్తే ఆ క్లినిక్‌లోనే ఏడుగురికి తట్టు సోకినట్లు తేలింది. వారిలో నలుగురు ఆ బాలుడు వస్తూ పోతూ ఉన్నప్పుడు క్షణకాలం తారసపడినవారు. మిగిలిన ముగ్గురు అతడున్న గదిలో అడుగైనా పెట్టలేదు. ఆ ముగ్గురిలో ఒకరైతే అతడు వెళ్ళిపోయిన గంట తరువాత వచ్చిన బిడ్డ! భవనంలో గాలి ఏ దారిన పోతున్నదో నిపుణులు పరిశీలించగా, ఆ ఒక్క గదిలోని గాలి క్లినిక్ అంతటా తిరుగుతున్నట్లు రుజువైంది.

ఈ సంఘటన వైద్య గ్రంథాల్లో నమోదై నాలుగు దశాబ్దాలు దాటింది. మన పట్టణాల్లో పిల్లల వైద్యుల వద్ద సాయంత్రం వేళ కనిపించే దృశ్యాన్ని దీని పక్కన పెట్టి చూడండి. ఇరుకైన హాలు, మూసిన తలుపులు, నలభై యాభై మంది తల్లులు, ఒళ్ళో బిడ్డలు. ఏసీ ఉన్న దవాఖానా మంచి దవాఖానా అని మనలో ఒక అభిప్రాయం పాతుకుపోయింది. మన దుకాణాల్లో, క్లినిక్‌లలో గోడకు బిగించే మామూలు ఏసీ బయటి గాలిని లోనికి తేదు. ఉన్న గాలినే చల్లబరచి మళ్ళీ మళ్ళీ తిప్పుతుంది. తట్టు విషయంలో కిటికీలు తెరిచి ఉన్న వేడి వసారాయే దానికన్నా క్షేమం.

తట్టు వైరస్ దగ్గు, తుమ్ముల తుంపరలతో బయటికి వచ్చి, రోగి వెళ్ళిపోయిన తరువాత కూడా రెండు గంటల వరకు ఆ గది గాలిలో సజీవంగా ఉండగలదు. రక్షణ లేని పదిమంది రోగికి సమీపంలో మెలిగితే తొమ్మిది మందికి వరకు సోకవచ్చు. కోవిడ్ కాలంలో మనం నేర్చుకున్న రెండు గజాల దూరం దీని ముందు చాలదు. పైగా దద్దురు కనిపించడానికి నాలుగు రోజుల ముందు నుండే రోగి ఇతరులకు వ్యాధిని అంటించగలడు. కనిపించిన తరువాత మరో నాలుగు రోజులు ఆ శక్తి ఉంటుంది. అంటే మొదటి సగం కాలంలో అది తట్టు అని ఇంట్లో ఎవరికీ తెలియదు.

అందువల్ల ఆనవాళ్ళు తెలిసి ఉండాలి. ముందు తీవ్రమైన జ్వరం, దానితో దగ్గు, ముక్కు కారడం, కళ్ళు ఎర్రబడి నీరు కారడం. రెండు మూడు రోజులకు నోటిలో బుగ్గల లోపలి వైపు ఉప్పు రవ్వల వంటి తెల్లని చుక్కలు కొందరిలో కనిపిస్తాయి. ఆ తరువాత ముఖం మీద, జుట్టు మొదలయ్యే చోట ఎర్రని దద్దురు పుట్టి మెడ మీదుగా ఒంటికి, చివరకు కాళ్ళకు దిగుతుంది. చెమటకాయలకు కళ్ళు ఎర్రబడవు, ఇంతటి జ్వరమూ రాదు. ఊళ్ళోనో, బడిలోనో, బంధువుల ఇంటనో తట్టు ఉన్నదని తెలిసి, మీ బిడ్డకు ఈ జ్వరం మొదలైతే దద్దురు కోసం ఎదురు చూడనవసరం లేదు.

అప్పుడు చేయవలసిన మొదటి పని బిడ్డను ఎత్తుకోవడం కాదు, ఫోను ఎత్తడం. దవాఖానాకు గానీ, మీ వీధి ఆశా కార్యకర్తకు గానీ, ఏఎన్ఎంకు గానీ ఫోను చేసి, “బిడ్డకు జ్వరం, దద్దురు ఉన్నాయి. తట్టేమోనని అనుమానం. ఎప్పుడు, ఏ వైపు నుండి రమ్మంటారు?” అని అడగాలి. ఈ ఒక్క మాట వలన వారికి ఏర్పాటు చేసుకునే వ్యవధి దొరుకుతుంది. రోగులు తగ్గిన వేళ, ఆఖరి టోకెన్‌గా రమ్మనవచ్చు. వెనుక తలుపు నుండి నేరుగా గదిలోకి పిలవవచ్చు. ఆటోలో ఉండగానే వైద్యుడు వచ్చి చూడవచ్చు. ఫోను చేసే వీలు లేకపోతే బిడ్డను తీసుకొని ఒకరు ఆరుబయట చెట్టు కిందనో, ఆటోలోనో ఆగాలి. మరొకరు లోనికి వెళ్ళి ఓపీ చీటీ రాసేవారికి విషయం చెప్పాలి. 108 వాహనాన్ని పిలిచినప్పుడు కూడా ఆ మాట ముందే చెప్పడం అందులోని సిబ్బందికి మేలు. అయితే బిడ్డకు ఊపిరి అందకపోతున్నా, ఫిట్స్ వస్తున్నా ఈ వరుస ఏదీ చూడవద్దు. ముందు వెళ్ళండి, దారిలో ఫోను చేయండి.

వెంట ఎవరు వెళ్ళాలన్నది కూడా ఆలోచించవలసిన విషయమే. నానీ, ఖాలా, తోడబుట్టిన పిల్లలు అందరూ కలిసి దవాఖానాకు తరలివెళ్ళడం మన కుటుంబాల్లో ప్రేమకు గుర్తు. ఈ వ్యాధిలో ఒక్కరు చాలు. ఆ ఒక్కరూ చిన్నతనంలో తట్టు వచ్చిపోయినవారో, టీకా వేయించుకున్నవారో అయి ఉండాలి. గర్భిణి వెళ్ళరాదు. తట్టు గర్భిణికి తీవ్రంగా రావచ్చు, గర్భం నిలవకపోవచ్చు, నెలలు నిండకుండానే కాన్పు కావచ్చు. రోగి అయిన బిడ్డకు రెండేళ్ళు దాటితే, ఓర్చుకోగలిగితే, మాస్కు పెట్టండి. రెండేళ్ళ లోపు పసివారికి మాస్కు తగిలించరాదు, ఊపిరి ఆడక ప్రమాదం.

ఇంత జాగ్రత్త ఎవరి కోసమని అడుగుతారేమో. టీకా కోసం తల్లి ఒళ్ళో అదే బల్ల మీద కూర్చున్న ఏడు నెలల శిశువు కోసం. మన దేశపు టీకా పట్టికలో తట్టు–రుబెల్లా మొదటి మోతాదు 9 నెలలు నిండితే గాని పడదు. తల్లి నుండి వచ్చిన రక్షణ అప్పటికే సన్నగిల్లిపోతూ ఉంటుంది. ఆ మధ్యకాలంలో ఆ బిడ్డకు ఉన్న రక్షణ అల్లా దయ, తరువాత చుట్టూ ఉన్న వారి జాగ్రత్త. క్యాన్సర్‌కు మందులు వాడుతున్న పిల్లవాడు అదే వరుసలో ఉంటే అతడి పరిస్థితి మరీ కష్టం. అతడికి ఈ టీకా వేయడానికి కూడా వీలుండదు. పొరుగువాని హక్కును గురించి మనం ఎంతో వింటాము. దవాఖానా బల్ల మీద పక్కన కూర్చున్నవాడు ఆ అరగంట సేపు మన పొరుగువాడే.

బాధ్యత రోగి ఇంటివారిది మాత్రమే కాదు. క్లినిక్ నడిపేవారు వేల రూపాయలు ఖర్చు పెట్టకుండానే చాలా చేయగలరు. గుమ్మం వద్దనే ఒకరు నిలబడి, “జ్వరంతో దద్దురు ఉన్నదా?” అని అడిగితే సగం పని అయిపోతుంది. ఇప్పుడు చాలా చోట్ల ఆ ప్రశ్న పేరు రాసి, డబ్బు కట్టించుకొని, గంట సేపు కూర్చోబెట్టిన తరువాత గాని రావడం లేదు. అనుమానిత రోగికి విడి గది కేటాయించి తలుపు మూసి, బయటికి తెరుచుకునే కిటికీలు తీయాలి. రోగి వెళ్ళాక రెండు గంటల పాటు ఆ గదిలోకి మరొకరిని పంపరాదు. అందుకే అటువంటి వారిని రోజు చివర చూడడం అనువు. కాంపౌండరు, నర్సు, ఆయా, చీటీ రాసే అమ్మాయి అందరూ తట్టు టీకా రెండు మోతాదులు వేసుకున్నారో లేదో యజమాని చూడాలి. ఆ గదిలో పనిచేసేవారికి ఎన్95 మాస్కు కావాలి. గుడ్డ మాస్కు ఇక్కడ పనికిరాదు. చిన్న నర్సింగ్ హోములో ఇది సాధ్యమా అంటే, హైదరాబాదు బస్తీ దవాఖానాలోనైనా ఒక కిటికీ, ఒక ప్రశ్న, బయట నీడలో ఒక కుర్చీ సాధ్యమే.

ఇక ఇంటి సంగతి. తట్టు వైరస్‌ను చంపే మందు ఏదీ లేదు. యాంటీబయాటిక్ దీనికి పనిచేయదు. న్యుమోనియా, చెవి చీము వంటివి తోడైతేనే వైద్యుడు రాస్తాడు. కానీ “మందు లేదు కదా” అని ఇంట్లో ఉంచుకోవడం పొరపాటు. విటమిన్ ఏ కోసం తప్పక చూపించాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన ప్రకారం తట్టు సోకిన బిడ్డకు రోజుకు ఒకటి చొప్పున రెండు రోజులు విటమిన్ ఏ ఇవ్వాలి. ఆరు నెలల లోపు వారికి 50 వేల యూనిట్లు, 6 నుండి 11 నెలల వారికి లక్ష, ఏడాది నిండిన వారికి 2 లక్షల యూనిట్లు. ఇది కంటిచూపును కాపాడుతుంది, ప్రాణాపాయాన్ని తగ్గిస్తుంది. దవాఖానాలో వారే ఇవ్వాలి, ఇవ్వకపోతే అడగండి. అంగడిలో కొని స్వయంగా పోయవద్దు, ఎక్కువైతే హాని. ఇది టీకాకు బదులూ కాదు. జ్వరానికి పారాసిటమాల్ చాలు, పిల్లలకు ఆస్పిరిన్ ఇవ్వరాదు.

దద్దురు లోపలికి పోతుందని నీళ్ళు పోయకపోవడం, పాలు, గుడ్లు, మాంసం మానిపించడం, ఏడు రోజులు చప్పిడి పెట్టడం చాలా ఇళ్ళలో ఆచారం. తట్టు ప్రాణం తీసేది ఎక్కువగా బలహీనమైన బిడ్డనే. తినగలిగినదేదైనా పెట్టండి. తల్లిపాలు ఆపవద్దు. విరేచనాలుంటే ఓఆర్ఎస్ తాగించండి. కళ్ళను శుభ్రమైన నీటిలో తడిపిన గుడ్డతో తుడవండి, సుర్మా పెట్టవద్దు. బిడ్డ వేగంగా ఊపిరి తీస్తున్నా, డొక్కలు లోనికి పోతున్నా, పాలు నీళ్ళు పట్టకపోయినా, మత్తుగా పడి ఉన్నా, నల్లగుడ్డు మసకబారినా రాత్రి అని చూడకుండా మళ్ళీ దవాఖానాకు బయలుదేరాలి.

రోగ పరామర్శ మన ధర్మంలో తోటి ముస్లిముకు చెందవలసిన హక్కు. ఆ హక్కు నెరవేర్చడానికి ఈ రోజుల్లో ఫోను ఉంది, గుమ్మం వద్ద పెట్టి వచ్చే భోజనం ఉంది. ప్లేగు వ్యాపించిందని విని ఖలీఫా ఉమర్ (రజి) సిరియా పొలిమేరలోని సర్గ్ నుండే తన పరివారంతో మరలిపోయిన వృత్తాంతం మన పాఠకులకు తెలిసినదే. దద్దురు మొదలైన నాటి నుండి నాలుగు రోజులు పూర్తయ్యే వరకు బిడ్డను బడికి, మద్రసాకు, అంగన్‌వాడీకి, అఖీఖా విందుకు పంపవద్దు. విషయం దాచవద్దు. “మా ఇంట తట్టు ఉంది” అని ఇరుగుపొరుగుకు చెప్పడంలో అవమానం ఏముంది? ఆ మాట విన్న తల్లి తన బిడ్డను సకాలంలో కాపాడుకుంటుంది.

2022 చివరి నెలల్లో ముంబాయిలోని గోవండీలో తట్టు చెలరేగి పిల్లలు మరణించారు. అదే కాలంలో రాంచీ, అహ్మదాబాద్, మలప్పురంలలో కేసులు పెరిగి కేంద్రం నిపుణుల బృందాలను పంపవలసి వచ్చింది. మనవారు ఎక్కువగా నివసించే ప్రాంతాల పేర్లు ఇందులో ఉండడం మనకు బాధాకరం. ఇరుకు ఇళ్ళు, పోషణ లోపం కారణాలే. టీకా పట్ల సంకోచం కూడా కారణమని ఒప్పుకోక తప్పదు.

ఆ సంకోచంలో ఒక ధార్మిక ప్రశ్న ఉంది. టీకా పాడవకుండా అందులో కలిపే జెలటిన్ దేని నుండి వచ్చిందన్నది ఆ ప్రశ్న. ప్రశ్న న్యాయమైనదే. 2018లో ఇండోనేషియా ఉలమా మండలి మన దేశంలో తయారైన తట్టు–రుబెల్లా టీకాను పరిశీలించి, దాని తయారీలో నిషిద్ధ పదార్థం వాడారని తేల్చింది. అదే ఫత్వాలో, హలాల్ ప్రత్యామ్నాయం లభించనందున, వేయించకపోతే కలిగే ప్రమాదం దృష్ట్యా, అనివార్యత కింద ఈ టీకా అనుమతించదగినదేనని తీర్పు చెప్పింది. విచారకరమేమంటే జనంలో మొదటి సగమే ప్రచారమైంది; జావా ద్వీపం వెలుపల టీకాలు వేయించుకున్న పిల్లల శాతం బాగా పడిపోయింది. సందేహం ఉన్నవారు వాట్సాప్‌లో తిరిగే అర్ధవాక్యాలను కాక, మీ ప్రాంతపు ఆలిమ్‌ను, వైద్యుణ్ణి ఒకే చోట కూర్చోబెట్టి అడగండి.

మొదటి మోతాదు 9 నుండి 12 నెలల మధ్య, రెండవది 16 నుండి 24 నెలల మధ్య. ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితం. 2017 ఆగస్టులో తెలుగు రాష్ట్రాల బడుల్లో జరిగిన ప్రత్యేక కార్యక్రమంలో వేయించుకున్న పిల్లలకు అది అదనపు రక్షణ. వ్యాధి తీవ్రంగా ఉన్న ప్రాంతాల్లో ఆరు నెలలు నిండిన శిశువులకు కూడా ప్రభుత్వం ముందస్తు మోతాదు ఇస్తుంటుంది. అది వేసినా 9 నెలలకు, 16 నెలలకు వేయవలసినవి వేయించవలసిందే. టీకా పడని బిడ్డ తట్టు రోగితో ఒకే గదిలో గడిపినట్లు తెలిస్తే 72 గంటల లోపు టీకా వేయిస్తే వ్యాధి రాకుండా ఆగవచ్చు. మరీ పసివారికి, గర్భిణులకు, టీకా వేయరాని రోగులకు ఆరు రోజుల లోపు ఇమ్యూనోగ్లోబులిన్ ఇచ్చే మార్గం ఉంది. అది పెద్దాసుపత్రిలో వైద్యుడు నిర్ణయించవలసిన విషయం. ఎప్పుడు, ఎక్కడ, ఎంత సేపు కలిసి ఉన్నారో ఒక కాగితం మీద రాసుకొని, టీకా కార్డు వెంట పెట్టుకొని వెళ్ళండి. వెళ్ళే ముందు ఫోను చేయండి.