చూడదగిన పాతచిత్రములు

పాతచిత్రములలో నేటికిని నిలువగలవి యెవ్వి, ఆడుబిడ్డలను ప్రక్కన గూర్చుండబెట్టుకొని చూడదగినవి యెవ్వి యని మా సోదరీమణులు తఱచుగా నడుగుచుందురు. వెనుక నొక చిత్రమును జూడవలెనన్న బండి గట్టించుకొని పట్టణమునకు బోవలసియుండెను. నేడు వానిలో పెక్కింటిని వంటపని ముగించుకొని యింటనే చూడవచ్చును. కావున నీ ప్రశ్నకు సమాధానము చెప్పుట యావశ్యకమని తలంచితిమి.

పాతదైనంతమాత్రమున నన్నియు మంచివని మేము చెప్పము. ఆ కాలమునను కత్తియుద్ధములకును, అర్థములేని హాస్యమునకును కొదువ లేదు. ఏ చిత్రము ముగిసిన పిమ్మట నింటిలోనివారు కొంతసేపు మాటలాడుకొందురో, ఆ చిత్రమునే యిక్కడ బేర్కొనుచున్నాము.

మొదట చెప్పదగినది ‘వరవిక్రయము’. కాళ్ళకూరి నారాయణరావుగారి నాటకమును చిత్తజల్లు పుల్లయ్యగారు 1939లో చిత్రముగా దీసిరి. పురుషోత్తమరావుగారికి కాళింది, కమల యని యిద్దఱు కొమార్తెలు. పెద్దపిల్ల పెండ్లికై యాయన భూమి నమ్మి కట్నము సమకూర్చును. తనకొఱకు తండ్రి నిలువనీడ లేనివాడగుట చూడజాలక కాళింది ప్రాణము విడుచును. ఆమెగా నటించిన భానుమతిగారి కిదియే తొలిచిత్రము. అప్పటి కామెకు పదునైదేండ్లయినను నిండలేదు. పిల్ల పోయినను వరుని తండ్రి లింగరాజు తీసికొన్న సొమ్ము తిరిగి యీయడు. అప్పుడు చిన్నది కమల యా వరునినే పెండ్లాడెద ననును. పుష్పవల్లిగారు ధరించిన యీ పాత్రయే చిత్రమునకు ప్రాణమని మా యభిప్రాయము. పెండ్లి యైన వెనుక నామె యత్తవారింటికి బోవ నిరాకరించును. సొమ్మిచ్చి కొన్నవారము మేము గనుక, కొనబడినవాడే మా యింటికి రావలెనని యామె వాదము! వ్యవహారము న్యాయస్థానమున కెక్కును.

మన స్త్రీలలో ననేకులు కాళిందికొఱకు కన్నీరు గార్తురు గాని కమలను గూర్చి మాటలాడరు. మా కిది సరిగా దోచదు. చావు తండ్రికి భూమిని దెచ్చి యీయలేదు. వాదము లింగరాజు నోరు మూయించినది. పెండ్లికెదిగిన కూతురున్న తల్లి యీ చిత్రమును జూపినయెడల, కాళింది మరణముకడ నాపివేయక, న్యాయస్థాన ఘట్టమువఱకు దప్పక చూపవలెను. వరకట్న నిషేధశాసనము 1961లో వచ్చినది. దాని ప్రకారము కట్నము పుచ్చుకొనుటయే గాక యిచ్చుటయు నేరమే. శాసనము వచ్చి యింతకాల మైనను లింగరాజుగారి సంతతి మన పేటలలో నంతరింపలేదని వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఈ విషయమునే నవ్వుచు జూడ దలచినవారికి ఎల్. వి. ప్రసాదుగారి ‘పెళ్ళి చేసి చూడు’ (1952) కలదు. ఇందు కట్నముకొఱకు విడదీయబడిన దంపతులలో భర్త పిచ్చివానివలె నటించును. భార్య నర్సు వేషమున నత్తవారిల్లు చొచ్చును. వరవిక్రయము చూచి బరువెక్కిన మనస్సున కిది మంచి మందు.

ఇక బి. ఎన్. రెడ్డిగారి చిత్రములు. ‘సుమంగళి’ (1940) బాలవితంతువు కథ. ముప్పదియాఱేండ్ల నాగయ్యగారు దానిలో వృద్ధుడై కనబడుదురు. ఎఱుగనివారు నిజముగా ముసలివాడే యనుకొందురు. ‘దేవత’ (1941)లో చదువుకొన్న యజమాని పనిపిల్లను మోసగించును. తప్పు వానిది, దండన యామెది. ఇంట పనిచేయు పిల్ల గల ప్రతి గృహిణియు దీనిని జూడవలెను.

‘స్వర్గసీమ’ (1945)ను గూర్చి మా కొకమాట యున్నది. భార్యాబిడ్డలతో సుఖముగా నున్న గృహస్థుడు వీథినాటకపు పిల్లను జేరదీసి, ఆమె నటియై వన్నెకెక్కగానే యిల్లు మఱచును. ఆ పాత్రలో భానుమతిగారి పాటయు, చూపును చూచువారిని కట్టివేయును. అందుచేత నందఱు నామెనే పొగడుదురు. మే మట్లుగాక, భార్య కల్యాణిగా నటించిన జయమ్మగారిని చూడుడని కోరుచున్నాము. ఆమె కేక వేయదు, శాపము పెట్టదు. భర్త లేని యింటిని నడుపుటలోని కష్టము నామె ముఖమునందే చదువవచ్చును. తుదకు భర్త తిరిగివచ్చుట మంచిదే గాని, అంత సులభముగ క్షమింపవలెనా యని మీలో మీరు తర్కించుకొన్నచో మాకు సంతోషమే.

కె. వి. రెడ్డిగారి ‘గుణసుందరి కథ’ (1949) పిల్లలకు మిక్కిలి నచ్చును. షేక్‌స్పియరు వ్రాసిన లియరు రాజు కథను పింగళి నాగేంద్రరావుగారు మన జానపదకథగా మార్చిరి. తండ్రి మెచ్చు మాట లాడిన యిద్దఱు పెద్దకూతుళ్ళు నెత్తి కెక్కుదురు. నిజమాడిన చిన్నది కురూపికి గట్టబడును. పతియే సర్వస్వమను మాట యిందు కొంచె మెక్కువగ వినబడును. నేటి పిల్లలు దానికి నవ్వవచ్చును, నవ్వనిండు. ముసలితండ్రి యెవరి యింట నాదరణ పొందునను ప్రశ్న మాత్రము నవ్వులాట గాదు.

అన్నిటికంటె మిన్నగ మేము తలంచునది ‘మల్లీశ్వరి’ (1951). దేవులపల్లి కృష్ణశాస్త్రిగారి మాటలు, పాటలు, సాలూరి రాజేశ్వరరావుగారి సంగీతము, బి. ఎన్. రెడ్డిగారి యోర్పు, ఈ మూడును గలిసినవి. రాయలకాలపు పల్లెలో మల్లి, నాగరాజు బావామఱదండ్రు. ఒక వానరాత్రి పాడుబడిన మండపమున వారు తల దాచుకొందురు. అక్కడికే మాఱువేషమున శ్రీకృష్ణదేవరాయలు వచ్చును. ఆతడెవరో తెలియక, మా మల్లికి రాణివాసపు పల్లకి పంపించుడని నాగరాజు పరిహాసమాడును. ఆ పరిహాసమే నిజమై, కొంతకాలమునకు పల్లకి గుమ్మము ముందు వ్రాలును!

నాగరాజు పేదవాడని మల్లి తల్లి యతనికి పిల్ల నీయ నిష్టపడదు. అతడు ధన మార్జింప దూరదేశము పోయియుండును. పల్లకితోబాటు కానుకలును వచ్చును. బంగారము చూచిన తల్లి కన్నులు మెఱయును, ఊరు సంబరపడును, రాజు తాను మేలుచేసితి ననుకొనును. ఇంతమంది యుండియు, పల్లకి యెక్కుట నీ కిష్టమేనా యని మల్లి నడిగినవా రొక్కరు లేరు. ఇందు దుర్మార్గు డెవ్వడును లేడు, అయినను పిల్ల బ్రతుకు బందీ యైనది. మంచిసంబంధ మనుచు పిల్ల మనస్సు దెలిసికొనక మన మెన్ని పల్లకీలు పంపితిమో యని మేము పలుమాఱు తలపోసికొంటిమి.

చూచువిధమును గూర్చి కొంచెము చెప్పవలెను. వరవిక్రయమువంటి తొలిచిత్రములలో మాట నాటకఫక్కి నుండును, నడక నెమ్మది, ధ్వని యక్కడక్కడ గరగరలాడును. మొదటి పదినిమిషములు విసుగు పుట్టినను విడువకుడు. చెవి యలవాటు పడినతోడనే కథ లాగికొనిపోవును. మల్లీశ్వరిని మాత్రము ముక్కలుముక్కలుగ జూడరాదు. పిల్లలు నిద్రించిన పిమ్మటనో, సెలవునాటి మధ్యాహ్నముననో, దీపము తగ్గించి యొక్కపట్టున జూడుడు. ఇంట ముసలమ్మ లున్నచో వారిని తప్పక పిలువుడు. ఏ పాట యెప్పుడు వచ్చునో వారే ముందుగ జెప్పుదురు.