షేర్ రేషియో - యజ్ఞచక్రం



భగవద్గీత తృతీయాధ్యాయంలో శ్రీకృష్ణ పరమాత్మ యజ్ఞచక్రాన్ని ఉపదేశించాడు. ప్రాణికోటి, అన్నం, వర్షం, యజ్ఞం, కర్మ ఒకదానిపై ఒకటి ఆధారపడి తిరిగే చక్రమది. అందులో జన్మించి, దాని ఫలాలను అనుభవిస్తూ, దాని భ్రమణానికి తన వంతు చేయనివాని జీవితం నిష్ఫలమని భగవానుని నిర్ణయం. తనకు లభించినదానిని తిరిగి సమర్పించకుండా అనుభవించేవానిని ఆయన చోరునిగా పరిగణించాడు. ఇక్కడ సాధకుడు గమనించవలసిన సూక్ష్మమొకటి ఉంది. ఆ చోరుడు ఎవరి ఇంటికీ కన్నం వేయలేదు. తన ముందుకు వచ్చినదానినే అనుభవించాడు. ప్రతిగా ఏమీ ఇవ్వకపోవడమే అతని దోషం.

ఈ సూక్ష్మం అంతర్జాలంలోని ఒక చిన్న లోకంలో అంకెల రూపంలో దర్శనమిస్తుంది. సభ్యులకు మాత్రమే ప్రవేశముండే ఫైళ్ల పంపిణీ సైట్లలో ప్రతి సభ్యుని పేరు ప్రక్కన 'షేర్ రేషియో' అనే సంఖ్య ఒకటి కనిపిస్తుంది. అతడు ఇతరులకు ఇచ్చినదానిని, ఇతరుల నుండి పొందినదానితో భాగించగా వచ్చే లబ్ధమది. 10 గిగాబైట్లు పొంది 10 గిగాబైట్లు ఇచ్చినవానికి 1. 10 పొంది 4 మాత్రమే ఇచ్చినవానికి 0.4. నిర్ణీతమైన కనిష్ఠానికి దిగువన నిలిచినవానికి తొలుత హెచ్చరిక వస్తుంది, ఆపై డౌన్‌లోడ్ అధికారం పోతుంది, చివరకు సభ్యత్వమే పోవచ్చు.

ఈ నియమం ఎందుకు అవసరమైందో తెలియాలంటే ఆ వ్యవస్థ స్వరూపం తెలియాలి. 2001లో బ్రామ్ కోహెన్ ప్రకటించిన బిట్‌టొరెంట్ పద్ధతిలో అందరికీ పంచిపెట్టే కేంద్ర భాండాగారమంటూ లేదు. ఫైలు చిన్న చిన్న ముక్కలుగా విభజింపబడుతుంది. ఒక ముక్క అందినవాడు, మిగిలిన ముక్కలు అందుతుండగానే, తనకు అందినదానిని ఇతరులకు ఇస్తూ ఉంటాడు. ఎవరి వద్ద ఏ ఫైలు ఉన్నదో తెలిపే మధ్యవర్తి పేరు ట్రాకర్. ఫైలు పూర్తిగా అందిన పిమ్మట కూడా నిలిచి ఇస్తూ ఉండేవాడు సీడర్, అనగా విత్తనం చల్లేవాడు. పొందుతూ ఉన్నవానికి లీచర్ అని పేరు, అనగా జలగ. అందరూ తమ పని ముగియగానే నిష్క్రమిస్తే, ఫైలు పేరు పట్టికలో ఉంటుంది గాని దానిని ఇచ్చేవారు ఉండరు. విత్తనాలను కూడా వండుకొని తినివేసిన ఇంటికి మరుసటి ఏడు పంట లేనట్లే, అక్కడ చక్రం నిలిచిపోతుంది.

కావున రేషియో ప్రధానంగా ఒక ఋణస్మృతి. మానవుడు జన్మతోనే ఋణగ్రస్తుడని వేదవాఙ్మయం చెబుతుంది. తైత్తిరీయ సంహిత ఋషిఋణం, దేవఋణం, పితృఋణం అనే మూడింటిని పేర్కొనగా, శతపథ బ్రాహ్మణం వాటికి మనుష్యఋణాన్ని కూడా జతచేసింది. తోటి మానవులకు ఆశ్రయమిచ్చి అన్నం పెట్టడం ద్వారా ఆ నాల్గవ ఋణం తీరుతుంది. ముఖపరిచయం లేని వ్యక్తులు తమ యంత్రాలను, విద్యుత్తును, కనెక్షన్‌ను వినియోగించి ఒక ఫైలును నిలిపి ఉంచారు కనుకనే అది సభ్యునికి దక్కింది. అతడు వారికి ఆ ఋణాన్ని నేరుగా తీర్చలేడు. తరువాత వచ్చేవానికి ఇచ్చి తీర్చగలడు. గురువు వద్ద పొందిన విద్యను శిష్యునికి ఇచ్చి ఋషిఋణం తీర్చుకొనే సంప్రదాయం సైతం ఈ దిశలోనే నడుస్తుంది.

అయితే ఋణస్మృతిగా పుట్టిన సంఖ్య అహంకారానికి స్థానం కావడానికి ఎక్కువ కాలం పట్టదు. రేషియో 5, 10 అని సగర్వంగా ప్రకటించుకొనేవారు, 1 కన్నా తక్కువ ఉన్నవారిని హీనంగా చూసేవారు అక్కడ కొరవ కాదు. ఆ గర్వానికి గణితంలోనే ఆధారం లేదు. ఒకరు పంపిన ప్రతి బైటు మరొకరు అందుకొన్నదే. అందువలన సభ్యులందరి ప్రదానాల మొత్తం వారి ఆదానాల మొత్తానికి సమానం. ఒకనికి 5 ఉన్నదంటే మరికొందరు 1 కన్నా దిగువన ఉండి తీరాలి. 10 గిగాబైట్ల ఫైలును ఒకడు తొలిసారి ఉంచగా, తొమ్మిదిమంది పొందారనుకొందాం. మొత్తం ఆదానం 90 గిగాబైట్లు. తొలి దాత కనీసం ఒక పూర్తి ప్రతిని, అనగా 10 గిగాబైట్లను ఇచ్చి తీరాలి. ఇక ఆ తొమ్మిదిమందికి ఇవ్వడానికి మిగిలినది గరిష్ఠంగా 80. ఎంత శ్రద్ధాళువులైనా ఆ ఫైలు విషయంలో వారందరి రేషియో కలిపి 1కి చేరదు.

నిర్వాహకులకు ఈ సత్యం తెలియనిది కాదు. కొన్ని ఫైళ్ల డౌన్‌లోడ్‌ను లెక్కలోకి తీసుకోని 'ఫ్రీలీచ్' సదుపాయం, ఫైలును నిలిపి ఉంచిన కాలానికి ఇచ్చే పాయింట్లు ఇందుకోసమే ఏర్పడ్డాయి. ఇంటి కనెక్షన్లలో అనేకం అప్‌లోడ్ వేగం తక్కువగా ఉన్నవే. అద్దెకు తీసుకొన్న శక్తిమంతమైన సర్వర్ ద్వారా, కొత్త ఫైలు వచ్చిన తొలి గంటలోనే వందల గిగాబైట్లు పంపి రేషియో పెంచుకొనేవాడొకడు. ఎవరూ అడగని ఒక అరుదైన ఫైలును మందమైన కనెక్షన్‌పై ఏళ్ల తరబడి నిలిపి, ఏడాదికొక్కమారు వచ్చే జిజ్ఞాసువుకు అందించేవాడు మరొకడు. సంఖ్యలో మొదటివాడు అధికుడు. ధర్మంలో రెండవవాడే అధికుడు. ఆ ఫైలు జీవించి ఉండడం అతని చలువ.

గీత పదిహేడవ అధ్యాయంలోని దానవిభాగం ఈ భేదాన్ని స్పష్టం చేస్తుంది. ప్రత్యుపకారాన్ని లేదా ఫలాన్ని ఉద్దేశించి ఇచ్చేది రాజసదానం. ఇవ్వడం కర్తవ్యమనే బుద్ధితో, తగిన దేశకాలాలలో, ప్రత్యుపకారం చేయలేని పాత్రునికి ఇచ్చేది సాత్త్వికదానం. బిట్‌టొరెంట్ నిర్మాణంలో ఈ రెండింటికీ తావుండడం ఆశ్చర్యకరం. దాని సాధారణ నియమం 'నాకు ఇచ్చినవానికే నేను ఇస్తాను' అన్నది. ఈ ఒక్క నియమమే ఉంటే కొత్తగా వచ్చినవానికి ఏ ముక్కా దక్కదు, ఇవ్వడానికి అతని చేతిలో ఏమీ లేదు కనుక. అందుచేత రూపకర్త మరొక నియమాన్ని చేర్చాడు. ప్రతి ముప్పై సెకన్లకు ఒక కొత్త సహభాగిని ఎన్నుకొని, అతడు ఇంతకుముందు ఏమిచ్చాడో విచారించకుండా ముక్కలను ఇవ్వాలి. అనుపకారికి ఇచ్చే ఈ చిన్న అవకాశం లేకపోతే కొత్తవాడు ఆ చక్రంలో అడుగిడలేడు. వాణిజ్యన్యాయంపై నడిచే వ్యవస్థకు సైతం ద్వారం వద్ద దానం అవసరమైంది.

మరి సాధకుడైన సభ్యుడు ఆచరించవలసినదేమి? అపరిగ్రహం ప్రథమ నియమం. అవసరమైనదానినే పొందాలి. వినని ప్రవచనాలను, చదవని గ్రంథాలను డిస్క్ నిండేవరకు దించుకొనేవాని రేషియో క్షీణించడం సహజం. పొందిన ఫైలును పని ముగిసిన వెంటనే తొలగించకుండా, వీలైనంత కాలం సీడింగ్‌లో ఉంచడం రెండవది. తక్కువమంది వద్ద ఉన్నదానిని విడువకుండా కాపాడడం మూడవది. సత్యం నాల్గవది. ఎంత పంపినదీ, ఎంత పొందినదీ ట్రాకర్‌కు తెలిపేది సభ్యుని యంత్రంలోని ప్రోగ్రామే. పంపనిదానిని పంపినట్లు చెప్పే కపట ప్రోగ్రాములు ఉన్నాయి. వాటితో రేషియో పెరగవచ్చు గాని ఋణం తీరదు.

ఇక్కడ ఒక తీవ్రమైన ఆక్షేపం ఎదురవుతుంది. ఇటువంటి సైట్లలో తిరుగాడే వాటిలో చాలాభాగం రచయితల, కళాకారుల, నిర్మాతల అనుమతి లేనివే. పరులసొమ్మును పదిమందికి సమానంగా పంచడం యజ్ఞమవుతుందా? కాదు. రేషియో 10 ఉన్నా ఆ దోషాన్ని కడుగలేదు. యోగసూత్రాలలో అస్తేయం యమాలలో ఒకటి. యమం పునాది, దానిపైననే తక్కిన సాధన నిలుస్తుంది. హోమద్రవ్యం దొంగిలించినదైతే విధి ఎంత నిర్దుష్టమైనా కర్త పునీతుడు కాడు. పైగా అనుమతి లేని ఫైలును సీడ్ చేయడమంటే ఆ అపహరణను కొనసాగించడమే. అక్కడ రేషియో పెరిగేకొద్దీ దోషమూ పెరుగుతుంది. 'అందరూ చేస్తున్నారు', 'సంస్థలు ధనవంతులే' అన్న సమాధానాలు న్యాయస్థానంలోనే కాదు, అంతఃకరణంలోనూ నిలువవు.

అయినంత మాత్రాన ఆ పద్ధతినే త్యజించవలసిన పని లేదు. లినక్స్ వంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌లను వాటి నిర్మాతలే టొరెంట్ల ద్వారా పంచుతారు. ఇంటర్నెట్ ఆర్కైవ్ 2012 నుండి తన సంగ్రహాన్ని టొరెంట్ల రూపంలోనూ అందిస్తోంది. మన దేశపు 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం, రచయిత జీవితకాలంలో ప్రచురితమైన సాహిత్యకృతిపై హక్కు ఆయన మరణానంతరం అరవై సంవత్సరాల వరకు ఉంటుంది. ఆ గడువు తీరిన వ్యాఖ్యానాలు, పురాణానువాదాలు, వేదాంతగ్రంథాలు తెలుగులో అనేకం. కాగితం శిథిలమవుతున్న అటువంటి గ్రంథపు స్కాన్ ప్రతిని నిలిపి ఉంచేవాడు, తాళపత్రం జీర్ణమవుతున్నదని గ్రహించి కొత్త పత్రంపై వ్రాసిపెట్టిన పూర్వపు లేఖకునికి వారసుడు. అతని పేరు ప్రక్కన 0.7 ఉన్నా లోకసంగ్రహంలో అతని భాగం లోటు లేనిది.

కనుక సభ్యుడు రేషియోను చూచుకొనే ముందు తాను పంచుతున్న ద్రవ్యాన్ని పరిశీలించుకోవాలి. అది ధర్మార్జితమైతే, నియమించిన కనిష్ఠాన్ని ఋణవిముక్తిగా భావించి తప్పక చెల్లించాలి. అంతకు మించి ఇచ్చేదానిని లెక్కించడం మానుకోవాలి. రాత్రి యజమాని నిద్రించిన వేళ కూడా అతని యంత్రం ఎక్కడి వానికో ఒక గ్రంథపు ముక్కను పంపుతూనే ఉంటుంది. అందుకొన్నవానికి ఇచ్చినవాడు ఎవరో తెలియదు, ఇచ్చినవానికి అందుకొన్నవాడు ఎవరో తెలియదు. కర్తృత్వాభిమానం విడిచి ఇవ్వడాన్ని అభ్యసించగోరే సాధకునికి ఇది చక్కని అవకాశం.

శుభం భూయాత్.