పాణ్యం ధాన్యం ధరకు, కాకినాడ రేవుకు ఏమిటి సంబంధం?

పాణ్యంలో మీ కళ్లం నుంచి సముద్రం వందల కిలోమీటర్ల దూరం. అయినా ధర తగ్గించి అడిగే వ్యాపారి చెప్పే మొదటి మాట ‘ఎగుమతులు లేవు’ అనే. ఆ మాట ఎంతవరకు నిజం?

దేశాల మధ్య అమ్ముడయ్యే బియ్యంలో దాదాపు 40 శాతం భారత్‌దే. అందులో బాస్మతి కాని బియ్యం వెళ్లే ప్రధాన రేవుల్లో కాకినాడ ఒకటి. అక్కడి యాంకరేజ్ పోర్టులో తీరం దగ్గర లోతు తక్కువ. పెద్ద ఓడలు ఒడ్డుకు రాలేక సముద్రంలోనే లంగరు వేస్తాయి. లారీల్లో వచ్చిన బస్తాలను బార్జీల్లో ఓడ దాకా తీసుకెళ్లి క్రేన్లతో పైకి ఎత్తుతారు. వాన పడితే లోడింగ్ ఆగిపోతుంది. ఎక్కువగా వెళ్లేది ముతక బియ్యం, నూకలు, ఉప్పుడు బియ్యం. పశ్చిమ ఆఫ్రికా దేశాలు పెద్ద కొనుగోలుదారులు.

‘మేం వేసేది సోనా కదా’ అంటారేమో. నిజమే, నంద్యాల సోనా చాలావరకు మన దేశంలోనే తింటారు. కొంత కంటైనర్లలో విదేశాల్లోని తెలుగువాళ్లకు చేరుతుంది. కానీ 2023 జులై 20న కేంద్రం ఎగుమతి నిషేధం పెట్టినప్పుడు సన్నం, ముతక అని చూడలేదు. బాస్మతి కాని తెల్ల బియ్యం అంతా ఆగింది. అమెరికాలో మనవాళ్లు సోనా మసూరి బస్తాల కోసం దుకాణాల ముందు వరుస కట్టింది అప్పుడే.

దేశంలో బియ్యం ధరలు పెరగకుండా చూడటం కేంద్రం ఉద్దేశం. కొనుక్కు తినేవారికి అది ఊరట, పండించేవారికి మాత్రం ఒక మార్కెట్ మూతపడినట్టే. 2024 సెప్టెంబర్ 28న నిషేధం తీసేసి, టన్ను 490 డాలర్లకు తక్కువ అమ్మకూడదన్నారు. అక్టోబర్ 23న ఆ షరతూ పోయింది. అంటే 2023 ఖరీఫ్ ధాన్యం నిషేధం ఉండగానే చేతులు మారింది.

ఆ ఏడాది వర్షాభావంతో పంటే తగ్గింది కాబట్టి సన్న రకాల ధర పడిపోలేదు. దిగుబడి బాగా వచ్చిన ఏడాది ఇలాంటి ఆంక్ష పడితే దెబ్బ నేరుగా కళ్లం మీదే.

కాబట్టి వ్యాపారి ఎగుమతుల మాట ఎత్తితే, నిషేధం అమల్లో ఉందా అని ముందు అడగండి. లేకపోతే అది బేరం మాటే కావచ్చు. 2025-26కు మద్దతు ధర క్వింటాలుకు సాధారణ రకం రూ.2,369, గ్రేడ్-ఏ రూ.2,389. 75 కిలోల బస్తాకు లెక్కేస్తే రూ.1,777, రూ.1,792. తేమ 17 శాతం దాటకుండా ఆరబెట్టి, అంతకన్నా తక్కువకు అడిగితే రైతు సేవా కేంద్రానికి వెళ్లండి.