లండనులో బెంగాలీ ఓనమాలు

పిల్లలూ! లండను నగరానికి తూర్పున బ్రిక్ లేన్ అనే వీధి ఉన్నది. ఆ వీధిమూలన పాత ఇటుకల కట్టడం ఒకటి. మతం కారణంగా ఫ్రాన్సులో బాధలుపడి వలసవచ్చినవారు దాన్ని 1743లో చర్చిగా కట్టుకున్నారు. 1898లో అది యూదుల ప్రార్థనామందిరమయింది. 1976 నుంచి మసీదు!

ఇక్కడి కుటుంబాలలో చాలామంది బంగ్లాదేశ్‌లోని సిల్హెట్ ప్రాంతంవారు. వారి పిల్లలు పగలు ఇంగ్లీషు బడికి పోతారు. సాయంత్రమో, సెలవునాడో మసీదులలోనూ, పెద్దలు నడిపే చిన్న బడులలోనూ మరో చదువు! అరబ్బీలో ఖురాను చదువుతారు; బెంగాలీ అక్షరాలు దిద్దుతారు. అరబ్బీ కుడినుంచి ఎడమకు, బెంగాలీ ఎడమనుంచి కుడికి నడుస్తాయి.

తమాషా ఏమిటంటే, బెంగాలీవారి అక్షరాలు కూడా మనలాగే అ, ఆ, ఇ, ఈ అనే మొదలవుతాయి. రెండు లిపులకూ మూలం బ్రాహ్మీయే.

ఆటలు మాని ఈ శ్రమ ఎందుకంటారా? 1952 ఫిబ్రవరి 21న ఢాకాలో బెంగాలీకి రాజభాష హోదా కావాలని అడిగిన విద్యార్థులు కొందరు పోలీసు కాల్పులలో చనిపోయారు. అంత ప్రియమైన భాష అది! ఇంట్లో వింటే మాట వస్తుంది; కాని చదువు, రాత నేర్చుకుంటేగాని రావు. నేర్వకపోతే, ఊళ్ళో ఉన్న నానమ్మ రాసిన ఉత్తరాన్ని మనుమడికి ఇంకొకరు చదివిపెట్టాలి.

మరి మీరో? ఇవాళే మీ అమ్మమ్మకు తెలుగులో ఒక ఉత్తరం రాయండి. తప్పులు ఎన్ని వచ్చినా ఫరవాలేదు, ఆమె దాచుకుంటుంది.